ఎడమ వైపు సీటు

నేను నా బతుకులో ఒకే ఒక్కసారి త్యాగం చేశాను. ఒక్కటే కాబట్టి దాన్ని వృథా పోనివ్వలేదు. పెళ్లి విందుల్లో చెప్పాను, దినాల భోజనాల దగ్గర చెప్పాను, గనిలో టిఫిన్ డబ్బా విప్పుకున్న ప్రతి కొత్తవాడికీ చెప్పాను, చివరికి నా రిటైర్మెంటు సభలో భుజం మీద శాలువా పడగానే మైకు పట్టుకుని మరీ చెప్పాను. మా ఆవిడ లక్ష్మికి ఆ కథలో నేను ఎక్కడ ఆగుతానో, ఎక్కడ కళ్లు తుడుచుకుంటానో కూడా కంఠస్థం. నేను గొంతు సవరించుకోగానే “ఆఁ, మొదలువెట్టిండు” అని లేచి వంటింట్లోకి పోతుంది. కథ ఇంతే: నౌకరీ కావాలా, తండ్రి నడుము కావాలా అనే ప్రశ్న వచ్చినప్పుడు నేను తండ్రి నడుమునే కోరుకున్నాను. ఆ కోరుకోవడం ఒక కారు కమాన్లు బాగుచేయించే దగ్గర జరిగింది. పోయిన నెల మా అమ్మాయి స్వప్న హైదరాబాదు నుంచి వచ్చి ఆ కారును జాకీ మీద ఎక్కించేదాకా, గోదావరిఖనిలో నా అంత మంచి కొడుకు ఇంకొకడు లేడనే నా నమ్మకం.

స్వప్న మెకానికల్ ఇంజనీరు. మా ఇంటి వెనక రేకుల షెడ్డులో, టార్పాలిన్ కింద, మా బాపు కొన్న పాత అంబాసిడర్ ఏళ్ల తరబడి పడి ఉంది. ఎలుకలు సీట్లు తిన్నాయి, కోళ్లు డిక్కీలో గుడ్లు పెట్టాయి. మేం దాన్ని పాత సామాను అనుకున్నాం, స్వప్న క్లాసిక్ అంది. హైదరాబాదులో ఇలాంటి కార్లున్నవాళ్లంతా ఆదివారం పొద్దున్నే వరసగా బయల్దేరి, ఊరి బయట ఎక్కడో ఇడ్లీ తిని, ఫొటోలు దిగి వస్తారట. ఆ ఇడ్లీ కోసం మా కారు సస్పెన్షన్ మార్చాలట. ఫోనులో జాబితా చూపించింది. ముందు చక్రాలకు కుదుపు మింగే, గ్యాసు నింపిన షాకులు. మలుపులో కారు ఒరగకుండా రెండు వైపులనూ కలిపే అడ్డకడ్డీ. వెనక ఇరుసు మీద బరువు మోసే ఇనుప పట్టీల కట్టలు, అంటే మేం కమాన్లు అనేవి, తీసేసి పలచటి కొత్తరకం పట్టీలు. మెత్తగా కావాలా గట్టిగా కావాలా అన్నది స్క్రూ తిప్పి పెట్టుకోవచ్చట. అందులో ఇరవై నాలుగు మెట్లున్నాయట. మా కాలంలో రెండే మెట్లు. మెత్తన, గట్టి. ఆ రెంటి మధ్య ఎక్కడో నిలబడే సౌకర్యం మాకు లేదు.

“ఎందుకు బిడ్డా గిదంత?” అని అడిగాను.

“హ్యాండ్లింగ్ కోసం డాడీ. స్టీరింగు ఎంత తిప్పితే కారు గంతే తిరగాలె. ఒరగొద్దు, ఊగొద్దు.”

బసంత్‌నగర్ వైపు నుంచి సిమెంటు లారీ ఎదురొచ్చినప్పుడు కారును పక్కకు తీసి, ఆపి, కళ్లు మూసుకోవడమే మాకు తెలిసిన హ్యాండ్లింగ్. ఆ మాట పైకి అనలేదు. పిల్లలు చదువుకుని వచ్చాక తండ్రులు చాలా మాటలు పైకి అనరు.

బాపు గనిలో టింబర్‌మన్. బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా కర్ర దుంగలు నిలబెట్టడం ఆయన పని. దుంగకూ కప్పుకూ మధ్య సందు మిగిలితే, ఒక పక్క సన్నగా చెక్కిన చెక్కముక్కను అందులో పెట్టి సుత్తితో కొట్టి బిగించాలి. దాన్ని వెడ్జి అంటారు. వెడ్జి బిగిసిందా లేదా అన్నది కంటికి కనపడదు, చీకట్లో చెవికి తెలియాలి. బోలుగా మోగితే వదులు, ఖంగుమంటే బిగువు. ఆ అలవాటు ఆయనకు ఇంట్లోనూ పోలేదు. మొదటి షిఫ్టు సైరన్ కంటే ముందే లేచి, మేం అవ్వ అని పిలిచే మా అమ్మ బొగ్గుల పొయ్యి మీద చాయ పెట్టేలోగా మంచం కోళ్లు తట్టేవాడు, గడప తట్టేవాడు, నీళ్ల కుండ తట్టేవాడు. కొత్త క్వార్టర్లో దిగిన రోజు నాలుగు గోడలూ తట్టి, వంటింటి గోడను మాత్రం నమ్మొద్దన్నాడు. “మనిషిని అడుగుతె పదిమాటలు చెప్తడు. కట్టెను అడుగు, ఒక్కటే మాట చెప్తది,” అనేవాడు. ఇంట్లో ఎప్పుడూ బొగ్గు పొగ వాసన, కొబ్బరినూనె వాసన, మూలన పడేసిన సండ్ర చెక్కముక్కల వాసన కలిసి ఉండేవి. గనిలో మిగిలిన దుంగల కొసలు పొయ్యిలోకి తెచ్చుకోవడం అందరికీ మామూలే. బాపు మాత్రం వాటిలో మంచివి ఏరి, పొయ్యిలో పెట్టనియ్యక, గోడకు ఆనించి దాచేవాడు. అవ్వ తిట్టేది. “ఏం జేస్తవయ్యా గా కట్టెలు? దేవునికి పెడుతవా?”

కంపెనీలో పెద్దసారు తిరిగిన అంబాసిడర్ పాతబడి వేలానికి వచ్చినప్పుడు బాపు దాన్ని పాడుకున్నాడు. కాలనీ అంతా నవ్వింది. బాపుకు డ్రైవింగు రాదు, నేర్చుకునే ఉద్దేశమూ లేదు. పెద్దసారు గని చూడటానికి వచ్చినప్పుడల్లా వెనక ఎడమ వైపు తలుపు తెరుచుకునేది, అందరూ లేచి నిలబడేవాళ్లు. బాపు ఆ తలుపునే చూసేవాడట. కారు ఇంటికి వచ్చిన రోజు స్నానం చేసి, ఉతికిన బట్టలు కట్టుకుని, ఆ ఎడమ వైపు సీట్లో కూర్చుని, “ఇగ పోనీ,” అన్నాడు. డ్రైవింగు నేర్చుకుంటున్నది నేను. వీధి చివరిదాకా పోయాం, అక్కడ ఇంజను ఆగిపోయింది. ఆయన మాత్రం దిగలేదు. పిల్లలు తోసుకుంటూ తెచ్చారు. ఆ రోజు నుంచి ఆ సీటు ఆయనది, ఇంకెవరూ కూర్చోకూడదు.

తర్వాత కొన్నాళ్లకు గనిలో కప్పు పెచ్చు ఊడి బాపు నడుము మీద పడింది. దవాఖానలో చాలా రోజులున్నాడు. బయటికి వచ్చాక పైన ఉపరితలం మీద తేలిక డ్యూటీ ఇచ్చారు. ఇక్కడ మా ప్రాంతపు ధర్మం ఒకటి చెప్పాలి. కార్మికుడు ఇక పనికి పనికిరాడని మెడికల్ బోర్డు తేల్చితే, ఆ నౌకరీ కొడుక్కి వస్తుంది. వేరే ఊళ్లలో తండ్రి చల్లగా ఉండాలని మొక్కుకుంటారు. మా దగ్గర “మీ బాపు ఎట్లున్నడు?” అని అడిగితే, “ఏం జెయ్యాలె అన్న, గుండ్రాయి లెక్కున్నడు” అని కొడుకులు దిగులుగా చెప్పేవారు. పిల్లనిచ్చేవాళ్లు వచ్చి “పిలగానికి నౌకరీ ఉన్నదా?” అంటే, “ఇంక రాలే గని, వాళ్ల నాయినకు నడుము నొప్పి ఉన్నది” అని మధ్యవర్తి ధైర్యం చెప్పేవాడు. నడుము నొప్పి అనగానే అవతలివాళ్ల మొహాలు విప్పారేవి. గుండె జబ్బయితే కట్నం కూడా పెరిగేది. ఇప్పటివాళ్లు దీన్ని చూసి నవ్వుతారు గానీ, ఇప్పుడు మాత్రం ఏం మారింది? ఇప్పుడు తండ్రులు పొద్దున్నే గ్రౌండులో నడుస్తూ అడుగులు ఫోనులో చూసుకుంటుంటే, కొడుకులు ఇంటి మీద నుంచి గుడ్లురిమి చూస్తున్నారు.

నేను అప్పటికి డిగ్రీ పాసై ఊరికే తిరుగుతున్నాను. బాపుకు బోర్డు తారీఖు వచ్చింది. పెద్ద దవాఖాన దూరం, పొద్దున బయల్దేరితే మధ్యాహ్నానికి గానీ చేరం. బాపు నడుముకు బస్సు పనికిరాదు, కారులోనే పోవాలి. కారు వెనక భాగమేమో కమాన్లు చచ్చిపోయి చూడిబర్రెలా కిందికి దిగిపోయింది. బస్టాండు వెనక ఖాదర్ భాయ్ షెడ్డుకు తోలుకుపోయాను. పక్క క్వార్టరు ఓదెలు కాక వెంటవచ్చాడు. ఓదెలు కాక అంతకు ముందే నడుము నొప్పితో అన్‌ఫిట్ అయి, కొడుక్కి నౌకరీ ఇప్పించి, అప్పట్నుంచి రోజూ పొలంలో నాగలి దున్నుకుంటూ ఆరోగ్యంగా ఉన్నాడు. ఆ విషయంలో ఆయన మాటకు కాలనీలో విలువ ఉండేది.

“లారీ పట్టీలు రెండు ఎక్కువేయ్ ఖాదర్,” అన్నాడు కాక. “రాయి లెక్కుండాలె. గీడికెల్లి దవాఖాన దాక ఎగిరెగిరి పడితె, మీ బాపు నడుము బోర్డు ముంగట తనంత తానే మాట్లాడుతది. మెత్తగ జేపిచ్చినవనుకో, హుషారుగ దిగి నడుసుకుంట పోతడు. ఫిట్ అని రాస్తరు. నువ్వు సచ్చేదాక బలాదూర్ తిరుగుడే.”

ఖాదర్ భాయ్ నా మొహం చూశాడు. “చెప్పు రాజేశం. మెత్తగనా, గట్టిగనా? పాత కమాన్లు సాపు జేసి కొత్త షాకులేస్తె ఉయ్యాల లెక్కుంటది. లారీ పట్టీలేస్తె కాక జెప్పినట్టుంటది. బండి నీది, బాపు నీ బాపు.”

రేపు చెప్తానని వచ్చేశాను. నిజం చెప్తున్నాను, గట్టివే వేయిద్దామనుకున్నాను. అవ్వ అడిగితే ఏం చెప్పాలో కూడా ఆలోచించుకున్నాను, మలుపుల్లో బండి ఒరగకుండా అని చెప్దామనుకున్నాను. మర్నాడు పొద్దున అవ్వ వావిలాకు వేసి కాచిన నీళ్లలో గుడ్డ ముంచి బాపు నడుముకు కాపడం పెడుతోంది. ఇంటినిండా ఆ చేదు వాసన. బాపు బోర్లా పడుకుని, నేను చూస్తున్నానని తెలియక, మంచం పట్టెను పళ్లతో కొరికి పట్టుకున్నాడు. పట్టె మీద పాత పళ్ల గాట్లు ఇంకా ఉన్నాయి. చెప్పులు కూడా వేసుకోకుండా ఖాదర్ షెడ్డుకు పోయి, “మెత్తగ జెయ్యి భాయ్, నౌకరీ గంగల వడనీ,” అన్నాను. అన్నాక నన్ను నేనే కాసేపు మెచ్చుకున్నాను. ఓదెలు కాక నెత్తి కొట్టుకున్నాడు. “నీ అసొంటోన్ని కన్న తల్లికి దండం బెట్టాలె. నీకు పిల్లనిచ్చేటోనికి గూడ బెట్టాలె.”

అవ్వ ఆ సంగతి బాపుకు చెప్పింది. ఆయన అన్నం ముద్ద చేతిలో పట్టుకుని కొంచెంసేపు నన్ను చూసి, “మంచిగ జేసినవ్ కొడుకా,” అన్నాడు. అంతే అన్నాడు. బోర్డుకు ముందటి ఆదివారం, కారు ఇంటికి వచ్చాక, బాపు గోనెసంచి తెప్పించి వెనక చక్రాల దగ్గర పరుచుకున్నాడు. జాకీ పెట్టించాడు. తన పాత సుత్తి, గోడకు ఆనించి ఉన్న ఆ చెక్కముక్కలు నాలుగు పక్కన పెట్టుకున్నాడు. కింద ఆనుకోవడానికి కాబోలు అనుకున్నాను.

“నడుము లేని మనిషివి, బండి కింద నీకేం పని? నీ నెత్తిన మన్ను వొయ్య!” అని అవ్వ మొత్తుకుంది.

“ఖాదర్ ఎట్ల జేసిండో జర తట్టి చూస్త. నువ్వు పో.”

అరగంట పైగా కింద ఉన్నాడు. నేను అరుగు మీద కూర్చుని వింటున్నాను. మొదట బోలుగా దబ్ దబ్ మని, తర్వాత కొంచెం గట్టిగా, చివరికి ఖంగుమని మోగింది. బాపు చాదస్తం, మెకానిక్ పని కూడా తట్టి చూస్తే గానీ నమ్మడు అని నవ్వుకున్నాను. బయటికి రావడానికి ఆయన వల్ల కాలేదు. నేనే రెండు చంకల కింద చేతులు వేసి లాగాను. మొహమంతా చెమట. “మంచిగున్నది. జాకీ దించు,” అన్నాడు.

ప్రయాణం రోజు నేను నడిపాను, అవ్వ నా పక్కన కూర్చుంది. వెనక కుడి వైపు ఓదెలు కాక, ఎడమ వైపు తన సీట్లో బాపు. బొగ్గు లారీలు తిన్న రోడ్డు, గుంతలో గుంత. కారు దాటిపోయే ప్రతి గుంతకూ ఓదెలు కాక ఉయ్యాల్లో పాపలా మెల్లగా పైకి లేచి కిందికి దిగేవాడు. పెద్దపల్లి దాటకముందే గుర్రు పెట్టాడు. మధ్యలో కళ్లు తెరిచి, “ఏం మెత్తగ జేసిండురా ఖాదర్! నీ నౌకరీ ఇగ పాయె,” అని మళ్లీ పడుకున్నాడు. అద్దంలో బాపు కనబడుతున్నాడు. రెండు చేతులతో ముందు సీటు వీపును పట్టుకుని, పెదవి కొరుక్కుని, కళ్లు మూసుకుని ఉన్నాడు. అదే సీటు మీద పక్కనున్నవాడు నిద్రపోతుంటే ఈయన ఇంత బాధపడుతున్నాడంటే, నడుము ఎంత పాడైపోయిందో అనుకున్నాను. ఇక గట్టి కమాన్లు వేయించి ఉంటే ప్రాణమే పోయేదనుకున్నాను. నా మీద నాకు గౌరవం గుంత గుంతకూ పెరిగింది.

“ఆపుదునా బాపు?” అని రెండు మూడుసార్లు అడిగాను.

“ఆపకు. మంచిగనే పోతాంది. పోనీ.”

దవాఖాన ముందు కారు ఆగితే బాపు దిగలేకపోయాడు. కాళ్లు పట్టు తప్పాయి. ఇద్దరు మనుషులు స్ట్రెచర్ తెచ్చి ఎత్తుకుపోయారు. అవ్వ ఏడుస్తూ వెంట ఉరికింది. డాక్టర్లు ఎక్కువసేపు చూడలేదు. సాయంత్రానికి అన్‌ఫిట్ అని తేలింది. ఓదెలు కాక నన్ను కౌగిలించుకుని, “దేవుడున్నడురా! తండ్రి సుఖం కోరినవ్, నౌకరీ దానంతట అదే నడుసుకుంట వచ్చింది,” అన్నాడు. ఆ రోజు నుంచి ఆ మాట నా కథకు ముగింపు.

నేను డ్యూటీలో చేరాను. మొదటి షిఫ్టుకు పోయే రోజు బాపు మంచం మీద నుంచే నా గని టోపీని తట్టి, విని, “మంచిగున్నది, పో,” అన్నాడు. ఆయన తర్వాత చాలా ఏళ్లు బతికాడు గానీ, మంచానికీ వాకిట్లో కుర్చీకీ మధ్యే బతికాడు. ఇంకొకరు పట్టుకుంటే తప్ప లేవలేదు. కారు ఎక్కలేదు. కారు కూడా రెండు మూడు పెళ్లిళ్లకు పోయి వచ్చి మూలన పడింది. ఆ పెళ్లిళ్లలో ఎడమ వైపు కూర్చున్న ప్రతివాళ్లూ దిగగానే నన్ను తిట్టారు. మన రోడ్ల మీద ఎడమ వైపే గుంతలెక్కువ అని వాళ్లకు నేను వివరించి చెప్పేవాణ్ణి, వాళ్లూ ఒప్పుకునేవారు. నా నౌకరీతో ఇల్లయింది, స్వప్న ఇంజనీరయింది. బాపు పోయిన రోజు కూడా, పదిమంది కూడినచోట, నేను కమాన్ల కథ చెప్పాను.

పోయిన నెల స్వప్న కొలతలు తీసుకోవడానికి ఒక చాప వేసుకుని కారు కిందికి దూరింది. కుడి వైపు కమాను కొలిచింది. ఎడమ వైపు తిరిగి టార్చి వేసింది.

“డాడీ, గీ సైడు అసలు సస్పెన్షనే లేదు. కట్టె ఉన్నది.”

“కట్టె ఏందే?”

“ఇరుసుకు, బాడీకి నడుమ కట్టె బిగగొట్టిన్రు. వైరుతోటి కట్టిన్రు. కమాను కదులుడే లేదు. గీ సీట్ల కూసున్నోళ్లకు ఒక్కొక్క గుంత డైరెక్టుగ నడుముకే తాకుతది. ఏ మెకానిక్ జేసిండు గిది?”

మోకాళ్లు పట్టుకుని, అరవై దాటిన ఒంటిని చాప మీదికి వంచి, నేనూ కిందికి దూరాను. స్వప్న టార్చి పట్టింది. మట్టి, నూనె పట్టి నల్లబడిన సండ్ర చెక్క. ఒక పక్క సన్నగా చెక్కి ఉంది, గొడ్డలి వేట్లు పొందికగా ఒకదాని పక్కన ఒకటి ఉన్నాయి. గనిలో మందు పేల్చడానికి వాడే ఎర్ర, పసుపు తీగతో మూడు చుట్లు చుట్టి ఉంది. అలాంటి వెడ్జిలు గనిలో వందలు చూశాను నేను. ఎవరు చెక్కారో పక్కన రాసి ఉండాల్సిన పనిలేదు. స్పానర్‌తో తట్టాను. ఖంగుమంది. ఇన్నేళ్లయినా బిగువు తగ్గలేదు.

అక్కడే వెల్లకిలా పడుకుని ఏడ్చాను. సిగ్గుతో ఏడ్చాను. కోపం కూడా వచ్చింది, దాచుకోను. ఉన్నదొక్క త్యాగం, దాన్ని కూడా నాకు మిగల్చలేదు ముసలాయన. నేను మెత్తటి షాకులు వేయించి దేవుడి దగ్గర మార్కులు కొట్టేస్తుంటే, ఆయన నా ముందే, నేను వింటుండగానే, తన నడుము కింద తానే వెడ్జి బిగించుకున్నాడు. ఆ పనైపోయాక చంకల్లో చేతులేసి బయటికి లాగింది నేనే. “ఆపకు, పోనీ” అంటే పోనిచ్చిందీ నేనే.

చప్పుడు విని లక్ష్మి వచ్చింది. స్వప్నకు జరిగినదంతా చెప్పాను, ఈసారి ఓదెలు కాక నిద్రతో సహా. లక్ష్మి వంటింట్లోకి పోలేదు, గడపలోనే నిలబడి చివరిదాకా విన్నది.

స్వప్న చాలాసేపు టార్చి ఆర్పలేదు. “గానీ డాడీ, బోర్డు పనైపోయినంక తాత దీన్ని తీసేయొచ్చు గద? ఎందుకుంచిండు?”

“తియ్యాలంటె వంగాలె గద బిడ్డా,” అన్నాను.

నాకు చెప్పి ఉంటే నేనే తీసేవాణ్ణి. తీయమని నాకు చెప్పాలంటే, పెట్టిన సంగతి కూడా చెప్పాలి.